రెండు వాష్ సీసాలు, ఒక మైక్రోస్కోపు: కర్నూల్లో తెల్లబట్టకు నేను చేయించుకున్న వైద్యం మీద రివ్యూ

ముందే మార్కులు చెప్పేస్తా, మొత్తం చదివే ఓపిక లేనివాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. నేను కొన్న రెండు ఇంటిమేట్ వాష్ సీసాలకూ కలిపి సున్నా. మందుల షాపులో చేతిలో పెట్టిన నాలుగు మాత్రల కిట్టుకు ఐదుకి ఒకటి. గాయత్రీ ఎస్టేట్ వైపు ఉన్న ఒక చిన్న గైనిక్ క్లినిక్కులో డాక్టరమ్మకు ఐదుకి ఐదు, అదే క్లినిక్కుకు మాత్రం రెండున్నర. పేరు రాయడం లేదు, పొగడ్తతో పాటు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి. సీసాల పేర్లు కూడా రాయను, ఆ అరలో ఏ సీసా తీసినా ఇదే కథ అని నా అనుమానం.

విషయం తెల్లబట్ట. మామూలుగా ప్రతి ఆడమనిషికీ నెలలో కొన్ని రోజులు అయ్యేది కాదు, అది జబ్బు కాదు. నాకు వచ్చింది వేరే, లోపలి మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి గుంపుగా పెరిగే బాక్టీరియల్ వజైనోసిస్, ఆ పేరు నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నీళ్లలాగా పల్చగా, కొంచెం బూడిద రంగులో, దురద లేదు, మంట లేదు, నొప్పి లేదు, వాసన మాత్రం చేపల మార్కెట్టు వాసన. ముట్టు అయిపోయిన రోజుల్లో, మా ఆయనతో కలిసిన మర్నాడు ఇంకా ఎక్కువ. నేను ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్తాను. పద్నాలుగేళ్లుగా ఉల్లిపొర తీసి స్లైడు మీద పెట్టి చూపిస్తున్నదాన్ని, ఇంత సైన్సు చదివి కూడా ఎనిమిది నెలలు డాక్టరు దగ్గరికి పోలేదు. స్టాఫ్ రూంలో ఫ్యాను కింద కూర్చోవడం మానేశా, గాలికి వాసన పక్కవాళ్లకు కొడుతుందేమోనని. సి క్యాంపు దగ్గర షేర్ ఆటో ఎక్కితే ముగ్గురి మధ్యలో కాకుండా అంచున కూర్చునేదాన్ని, పడిపోతావమ్మా లోపలికి జరుగు అని డ్రైవరు అరిచినా జరిగేదాన్ని కాదు.

మా అత్తకు ఒకసారి చెప్పా. "ఎండాకాలం కదమ్మా, వేడి చేసింటాది. సబ్జా గింజలు నానబెట్టుకోని తాగు, బార్లీ కాచుకో" అంది. కర్నూల్లో మే నెలలో ఏ జబ్బొచ్చినా వేడే కారణం, జలుబు చేసినా వేడే. తాగా. ఒంటికి హాయిగానే ఉంది, వాసన అక్కడే ఉంది. అత్తను ఏమీ అనను, ఆమె కాలంలో ఆ మాట పైకి చెప్పుకోడానికి ఒక మనిషి దొరకడమే గొప్ప, ఆమె కనీసం విన్నది.

ఇక సీసా సంగతి. గులాబీ రంగు సీసా, మీద తెల్ల పూలు, పీహెచ్ 3.5 (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) అని పెద్దక్షరాలు, రోజంతా తాజాదనం అని ఇంకా పెద్దక్షరాలు. నూరు మిల్లీలీటర్లకు రెండు వందల చిల్లర. షాపు అబ్బాయి దాన్ని ముందు పేపర్లో చుట్టి, తర్వాత నల్ల కవర్లో పెట్టి, బ్రాందీ సీసా ఇచ్చినట్టు అటూ ఇటూ చూసి ఇచ్చాడు. నేనూ దొంగలాగే తీసుకున్నా. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. వాడిన రెండు గంటలు పూల వాసన, తర్వాత పూలూ చేపలూ కలిసిన వాసన, అది ఇంకా ఘోరం. పైపైన కడిగితే చాలడం లేదని లోపల కూడా కడగడం మొదలుపెట్టా. సీసా మీద బయటి వాడకానికి మాత్రమే అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉందట, అది నేను డాక్టరమ్మ చూపించాకే చూశా. అట్లా లోపల కడిగితే ఉన్న కాస్త మంచి బ్యాక్టీరియా కూడా కొట్టుకుపోయి జబ్బు ఇంకా ముదురుతుంది. అంటే డబ్బిచ్చి జబ్బును పెంచుకున్నా. రెండో సీసా కొన్నది కూడా ఆ తెలివితోనే.

ఈ వ్యాపారం మన దగ్గర పుట్టింది కాదు. తర్వాత తెలుసుకున్నా, అమెరికాలో 1920ల నుంచి చాలా ఏళ్లపాటు లైజాల్ ను ఆడవాళ్ల లోపలి శుభ్రతకు అని పత్రికల్లో ప్రకటనలు వేసి అమ్మారట. గచ్చు కడగడానికి వాడే క్రిమిసంహారకమే. ఆ ప్రకటనల్లో భర్త ముఖం తిప్పుకుని వెళ్లిపోతుంటాడు, భార్య తలుపు దగ్గర ఏడుస్తుంటుంది, తప్పు ఆమె శుభ్రతది. దాంతో ఒళ్లు కాలినవాళ్లు కూడా ఉన్నారు. ఇప్పుడు సీసా రంగు మారింది, మంట తగ్గింది, అమ్ముతున్నది మాత్రం అదే సిగ్గు.

సీసాలతో పని కాక మూడోసారి అదే షాపుకు పోతే ఈసారి ఓనరే కిట్టు ఇచ్చాడు. నాలుగు మాత్రలు: అజిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ ఒకటి, ఫంగస్ కు ఫ్లూకోనజోల్ ఒకటి, బ్యాక్టీరియాకు సెక్నిడజోల్ రెండు. "ఒక్కరోజు డోసు మేడం, అన్నీ కవరైపోతాయి" అన్నాడు. ఏం జబ్బని అడగలేదు, గర్భిణీనా అని అడగలేదు, చీటీ అడగలేదు. మూడు వారాలు నిజంగానే తగ్గింది, అందుకే ఆ ఒక్క మార్కు. నాలుగో వారం మళ్లీ మొదలు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. పరీక్ష చేయకుండా లక్షణాన్ని బట్టి మందిచ్చే పద్ధతి ఉత్తది కాదు. ప్రభుత్వాసుపత్రుల్లో సుఖవ్యాధులకు చూసే సురక్ష క్లినిక్కులని ఉంటాయి, అక్కడ రంగు రంగుల కిట్లు ఉంటాయి, తెల్లబట్టకు ఆకుపచ్చ కిట్టు, దాంట్లో సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్. ల్యాబు లేని చోట, మళ్లీ వస్తుందో రాదో తెలియని మనిషికి ఆ ఒక్క పూటలోనే వైద్యం అందాలని పెట్టిన ఏర్పాటు అది. కానీ అక్కడ ఒక మనిషి ఎదురుగా కూర్చుని నాలుగు ప్రశ్నలు అడుగుతారు. షాపువాడు ఆ కిట్టుకు ఇంకో యాంటీబయోటిక్ తగిలించి, ప్రశ్నలు తీసేసి అమ్ముతున్నాడు. నా గొడవ దాంతో.

క్లినిక్కుకు పోయింది నా కొలీగ్ బలవంతం మీద. పదకొండుకు పోతే టోకెను 34. రెండున్నర గంటలు కూర్చున్నా. అది పరవాలేదు, మంచి డాక్టరు దగ్గర జనం ఉంటారు. కానీ రిసెప్షన్లో ఉన్న పిల్ల ఇరవై మంది ముందు "ఏం ప్రాబ్లం మేడం" అని అడిగింది. నేను గొణిగితే "ఏందీ, తెల్లబట్టా?" అని మళ్లీ అందరికీ వినపడేలా అడిగి పుస్తకంలో రాసుకుంది. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన కోడలికి తోడు వచ్చినట్టున్నాడు, పాపం ఆయనే తల దించుకున్నాడు. మధ్యలో మందుల కంపెనీల రెప్పులు ముగ్గురు టైలు కట్టుకుని వచ్చి టోకెను లేకుండానే లోపలికి పోయారు. చెకప్ గదికి తలుపుంది గానీ గడియ లేదు, నేను బల్ల మీద ఉండగా ఆయా రెండుసార్లు తోసుకుని వచ్చింది. ఇదంతా లెక్కేస్తే రెండున్నర మార్కులు ఎక్కువే.

డాక్టరమ్మ వయసు అరవై దాటి ఉంటుంది. మొదటి ప్రశ్న, గర్భిణీనా. ఎందుకంటే ఈ జబ్బు ఉన్న గర్భిణుల్లో నెలలు నిండకుండా కాన్పయ్యే ముప్పు కొంచెం ఎక్కువట. రెండో ప్రశ్న, దురద ఉందా. దురదా, విరిగిన పాలలాగా గడ్డలు గడ్డలుగా పోవడమూ ఉంటే అది ఫంగస్, దాని దారి వేరు. మూడోది, లోపల ఏమైనా పోసి కడుగుతున్నారా. నేను బ్యాగులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టా. ఆమె దాన్ని తిప్పి ఆ చీమ తలకాయ అక్షరాలు చూపించి, సీసాను నా వైపు కాకుండా గోడ వైపు జరిపింది.

తర్వాత జరిగిందంతా కలిపి పది నిమిషాలు. ఒక పుల్లతో లోపలి గోడ దగ్గర తడి తీసి పీహెచ్ పేపరు మీద రుద్దింది. మామూలుగా 4.5 దాటకూడదు, పేపరు పసుపు రంగులో ఉండాలి. నాది ఆకుపచ్చలోకి తిరిగి 5.5 దగ్గర ఆగింది. ఒక స్లైడు మీద సెలైన్ చుక్క వేసి పక్కన పెట్టింది. ఇంకో స్లైడు మీద పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం చుక్క వేసింది, వేయగానే గదంతా అదే వాసన. "ఇదేనా అమ్మా మీరు చెప్పేది?" అంది మామూలుగా, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు. ఇన్ని నెలలు నేను ఎవరికీ తెలియకుండా మోసిన వాసన ఒక పరీక్షలో భాగమనీ, దానికి ఒక రసాయనం ఉందనీ, కుళ్లిన చేపలో ఉండే ట్రైమిథైలమిన్, ఇదీ ఒకటేననీ ఆమె చెప్తుంటే నాకు ఏడుపొచ్చింది. ముట్టప్పుడు, కలిసిన తర్వాత వాసన ఎందుకు పెరిగిందో కూడా అప్పుడే తెలిసింది: రక్తమూ వీర్యమూ క్షారం వైపు ఉంటాయి, ఆ స్లైడు మీద చుక్క చేసిన పనే అవీ చేస్తాయి.

మైక్రోస్కోపు పక్క బల్ల మీదే ఉంది, పాతది, మా కాలేజీ ల్యాబులో ఉన్నట్టిదే. "బోటనీ అన్నారు కదా, చూస్తారా?" అంది. చూశా. మామూలు కణం అయితే అంచు చాకుతో కోసినట్టు తేటగా ఉంటుంది. ఇక్కడ కణం అంచే కనపడలేదు, సజ్జరొట్టె మీద నువ్వులు ఒత్తినట్టు కణం నిండా బ్యాక్టీరియా. వాటికి క్లూ సెల్స్ అని పేరు, ఆచూకీ చెప్పే కణాలు. పల్చటి ఒకేరకం స్రావం, పీహెచ్ 4.5 దాటడం, ఆ చుక్క వేస్తే వాసన, క్లూ సెల్స్, ఈ నాలుగింట్లో మూడుంటే బాక్టీరియల్ వజైనోసిస్. నాకు నాలుగూ ఉన్నాయి, పరీక్షలో ఎప్పుడూ ఇన్ని మార్కులు రాలేదు. ఈ నాలుగు గుర్తుల లెక్కను సియాటిల్ లో ఆమ్సెల్ అనే డాక్టరు, ఆయనతో పనిచేసినవాళ్లు 1983లో రాసి పెట్టారు. కన్సల్టేషన్ 400, స్లైడు పరీక్షకు (స్మియరు) 150. నేను సీసాలకు, కిట్టుకు, సబ్జా గింజలకు పెట్టింది దానికన్నా ఎక్కువే.

ఆ రోజు జనం తగ్గాక ఆమె కొంత చెప్పింది, మిగతాది నేను తర్వాత రాత్రుళ్లు కూర్చుని చదివా. ఈ చరిత్ర తెలిస్తే నా ఎనిమిది నెలలు ఎట్లా పోయాయో అర్థమైంది. 1892లో జర్మనీలో ఆల్బర్ట్ డోడర్లైన్ అనే గైనకాలజిస్టు బాలింత జ్వరం ఎందుకొస్తుందో వెతుకుతూ, ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ల లోపల కడ్డీల్లాంటి బ్యాక్టీరియా ఉండి పులుపును తయారుచేస్తుందని, ఆ పులుపే చెడ్డ సూక్ష్మజీవులను రానివ్వదని చెప్పాడు. మన దోశపిండి సంగతే. బాగా పులిసిన పిండిలో వేరేవి చేరవు, పులియని పిండి మర్నాటికి కంపు కొడుతుంది. ఆ కడ్డీలకే తర్వాత లాక్టోబాసిల్లస్ అని పేరు. అంటే లోపల పుల్లగా ఉండటం మురికి కాదు, అదే కాపలా. ఈ ముక్క తెలిసి 130 ఏళ్లు దాటింది, నాకు తెలియదు.

ఆ తర్వాత అరవై ఏళ్లు పెద్దగా కదలిక లేదు. గనేరియా, ట్రైకోమోనాస్ అనే సుఖవ్యాధులు కాక, ఫంగస్ కాక మిగిలిన వాసనంతా ఒక కట్ట కట్టి నాన్ స్పెసిఫిక్ వెజైనైటిస్ అని పేరు పెట్టారు, అంటే ఇదీ అని చెప్పలేని వాపు. ఆఫీసు ఫైళ్లలో 'ఇతరములు' అని ఒక కట్ట ఉంటుంది చూడండి, ఎవరూ విప్పరు, అట్లా.

దాన్ని విప్పింది 1955లో. అప్పటికి మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని, ఉద్యోగుల కోసం ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు లేచిన రోజులు, ఇక్కడి మెడికల్ కాలేజీ మొదలవడానికి ఇంకా ఏడాది ఉంది. అమెరికాలో హ్యూస్టన్ లో హెర్మన్ గార్డ్నర్, చార్లెస్ డ్యూక్స్ అనే ఇద్దరు, ఇదంతా ఒకే జబ్బు, దీనికి కారణం ఫలానా చిన్న బ్యాక్టీరియా అని ప్రకటించారు. క్లూ సెల్స్ అనే పేరు వాళ్లు పెట్టిందే. నిరూపించడానికి వాళ్లు చేసిన పని మాత్రం ఇప్పుడు ఏ కమిటీ ఒప్పుకోదు, చదువుతుంటే నాకు కడుపులో తిప్పింది: ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ల లోపల ఆ బ్యాక్టీరియాను పెట్టి చూశారు. విడిగా పెంచిన బ్యాక్టీరియా పెడితే 13 మందిలో ఒక్కరికే జబ్బొచ్చింది. జబ్బున్న మనిషి స్రావాన్ని తీసి పెడితే 15 మందిలో 11 మందికి వచ్చింది. ఫలితం అక్కడే కళ్ల ముందుంది, ఒక్క దొంగ వల్ల జరిగేది కాదు, గుంపు రావాలి. అయినా వాళ్లు ఒక్క దొంగనే పట్టుకున్నారు, అప్పట్లో సూక్ష్మజీవుల శాస్త్రం అంతా ఒక జబ్బుకు ఒక క్రిమి అన్న లెక్కలోనే నడిచింది మరి.

ఆ దొంగ పేరు కూడా నిలవలేదు. మొదట హీమోఫిలస్ అన్నారు, 1963లో కాదు కోరినీబ్యాక్టీరియం అన్నారు, 1980లో అదీ కాదని గార్డ్నర్ పేరు మీదే గార్డ్నరెల్లా అని కొత్త ప్రజాతి (జీనస్) పెట్టారు. కడప జిల్లా పేరు మారినట్టు.

మందు కథ నాకు ఇంకా నచ్చింది. నాకు రాసిచ్చిన మెట్రోనిడజోల్ ఈ జబ్బు కోసం పుట్టింది కాదు. 1950ల చివర్లో ఫ్రాన్సులో రోన్ పూలెంక్ కంపెనీ దాన్ని ట్రైకోమోనాస్ అనే వేరే క్రిమి కోసం తెచ్చింది. 1962లో లండన్లో డేవిడ్ షిన్ అనే దంతవైద్యుడి దగ్గర ఒకామె, ట్రైకోమోనాస్ కు ఈ మాత్రలు వాడుతుంటే నా చిగుళ్ల పుండ్లు కూడా తగ్గాయి అని చెప్పింది. ఆ ఒక్క మాటతో, ఆక్సిజన్ లేనిచోట బతికే బ్యాక్టీరియాను ఈ మందు చంపుతుందని తెలిసింది. గైనిక్ సమస్యకు దారి పళ్ల డాక్టరు కుర్చీలో దొరికింది. అయినా 1970ల దాకా మన జబ్బుకు సల్ఫా క్రీములే రాసేవాళ్లు, అవి పెద్దగా పనిచేసేవి కావు. 1978లో అదే సియాటిల్ లో ఫైఫర్ బృందం మెట్రోనిడజోల్ ఇస్తే తగ్గుతుందని చూపించింది. ఇక 1980ల్లో 'వాపు' అనే అర్థమున్న పాత పేరు తీసేసి వజైనోసిస్ అన్నారు, ఎందుకంటే దీంట్లో ఎర్రబడటం, చీము కణాలు చేరడం లాంటివి పెద్దగా ఉండవు. నాకు మంట లేకపోవడానికి కారణం అదే. నొప్పి లేదు కాబట్టే నేను జబ్బు అనుకోలేదు, శుభ్రత తక్కువైంది అనుకున్నా. పేరులో ఒక్క ముక్క మార్చడానికి ఇంత వెనక ఉంటుంది.

మాత్రల మీద రివ్యూ కూడా రాయాలి. మెట్రోనిడజోల్ 400, రోజుకు రెండు, ఏడు రోజులు. చవక, స్ట్రిప్పు ఇంటిమేట్ వాష్ ముందు చిల్లర కింద లెక్క. వాసన మూడో రోజుకే పోయింది, అయినా ఏడు రోజులూ వేసుకోమంది, వేసుకున్నా. కష్టం ఏంటంటే నోరు. పాత పది పైసల బిళ్ల నాలుక కింద పెట్టుకున్నట్టు ఏడు రోజులు. ఆదివారం మా ఆయన తెచ్చిన ఉగ్గాని బజ్జి కూడా ఇనప తురుములాగా ఉంది, కర్నూలు మనిషికి ఇంతకన్నా శిక్ష లేదు. కడుపులో తిప్పుడు కూడా ఉంది, తిన్న తర్వాత వేసుకుంటే తక్కువ.

ఇప్పుడు అసలు ముక్క. మూడు నెలలకు మళ్లీ వచ్చింది.

డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది, నేనే చెవిన పెట్టలేదు. మెల్బోర్న్ లో చేసి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వైద్యం చేయించుకున్న ఆడవాళ్లలో 58 శాతం మందికి ఏడాదిలోపల తిరగబెట్టింది. మందు పనిచేయక కాదు. 2005లో బెర్లిన్ లో చూసినదేమిటంటే ఈ బ్యాక్టీరియా లోపలి గోడకు జిగట పొరలాగా అతుక్కుని ఉంటుంది, నీళ్ల తొట్టి అడుగున పాచి పట్టినట్టు. పైది పోతుంది, అడుగున కొంచెం మిగులుతుంది. అదే సంవత్సరం సియాటిల్ లో డీఎన్ఏ పరీక్షతో వెతికితే ల్యాబులో ఎప్పుడూ పెరగని, పేరే లేని బ్యాక్టీరియా రకాలు బయటపడ్డాయి. గుంపు అని 1955లో కనపడింది, గుంపులో ఎవరెవరున్నారో తెలియడానికి యాభై ఏళ్లు పట్టింది.

రెండోసారి పోయినప్పుడు నేను తెలివిగా మంచి బ్యాక్టీరియా నింపిన ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ గురించి అడిగా, ఎక్కడ చూసినా అవే కదా. ఆమె నవ్వింది. 2020లో అమెరికాలో 228 మంది మీద ఒక పరీక్ష జరిగిందని చెప్పింది. మందు కోర్సు అయ్యాక లాక్టోబాసిల్లస్ క్రిస్పేటస్ అనే రకాన్ని నేరుగా లోపల పెడితే, పన్నెండు వారాల్లో తిరగబెట్టింది 30 శాతం మందికి, ఉత్త పొడి పెట్టినవాళ్లలో 45 శాతం మందికి. ఉపయోగం ఉంది, కానీ ఆ రకం వేరు, మన షాపుల్లో మింగే క్యాప్సూల్ వేరు. "పెరుగు తినండమ్మా, మంచిదే, కానీ పెరుగులో ఉండేది పెరుగుకు తోడు, దీనికి కాదు" అంది. ఎనిమిది వందల డబ్బా కొనకుండా ఆపినందుకు ఆమెకు ఇంకో మార్కు వేయాలి, కానీ ఐదే ఉన్నాయి.

తర్వాత ఆమె పెన్ను పక్కన పెట్టి, "మీ ఆయన వస్తారా?" అంది. గార్డ్నర్ 1955లోనే భర్తల్లో కూడా ఈ బ్యాక్టీరియా ఉందని చూశాడు. తర్వాత 1980ల నుంచి మగవాళ్లకు మాత్రలిచ్చి చూస్తే భార్యలకు పెద్ద తేడా రాలేదు, అందుకని ఆ సంగతి వదిలేశారు, ఇది ఆడవాళ్ల సమస్య అయిపోయింది. 2025 మార్చిలో మళ్లీ ఆ మెల్బోర్న్ వాళ్లే ఫలితం చెప్పారు. ఈసారి మగవాళ్లకు మాత్రతో పాటు చర్మం మీద రాసుకునే క్లిండమైసిన్ అనే యాంటీబయోటిక్ క్రీము కూడా ఏడు రోజులు ఇచ్చారు, ఎందుకంటే బ్యాక్టీరియా చర్మం మీద, ముందోలు కింద కూడా ఉంటుంది, ఒక్క మాత్రతో అక్కడిది పోదు. భార్యకు మాత్రమే వైద్యం చేస్తే పన్నెండు వారాల్లో 63 శాతం మందికి తిరగబెట్టింది, ఇద్దరికీ చేస్తే 35 శాతం మందికి. తేడా అంత స్పష్టంగా ఉండేసరికి పరీక్షను మధ్యలోనే ఆపేశారు. అంటే ఎవరో తప్పు తిరుగుళ్లు తిరిగారని కాదు, ఆమె ఆ మాట రెండుసార్లు చెప్పింది, మా ఆయన ముందు మూడోసారి చెప్పింది.

మా ఆయన సంగతి. ఇంట్లో చెప్తే "నాకేం లేదు కదా, నాకెందుకు మాత్రలు?" అన్నాడు. పొలానికి మందు కొడితే పక్క మడి వదిలేస్తారా అని అడిగా, మాది కోడుమూరు దగ్గర పల్లె, ఆయనకు ఆ భాషే ఎక్కుతుంది. "అది వేరే ఇది వేరే" అన్నాడు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు టోకెను ఆయనే తెచ్చాడు. క్లినిక్కులో అంతమంది ఆడవాళ్ల మధ్య కాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు, ఇన్ని నెలలు నేను ఆటోలో కూర్చున్నట్టు. నాకు జాలేసింది, కొంచెం సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు. నోట్లో పది పైసల బిళ్ల రుచి రాగానే "నువ్వు ఇది ఏడు రోజులు ఎట్లా మింగినావు?" అన్నాడు. ఆ ఏడు రోజులూ విడిగా ఉన్నాం. ఇది రాసేనాటికి ఆరు నెలలు, మళ్లీ రాలేదు. నా ఒక్కదాని కథ రుజువు కాదు, రేపు మళ్లీ రావచ్చు, అందుకే ఇది చదివి మాత్రలు మీరే కొనుక్కోకండి, ఆ తప్పు నేను చేసిందే.

ఇంకో ఫిర్యాదు మిగిలిపోయింది. క్లినిక్కుకు ఆనుకుని ఉన్న మందుల షాపులో చీటీ ఇస్తే, మాత్రలూ క్రీములతో పాటు బిల్లులో ఒక గులాబీ సీసా వచ్చింది. చీటీలో లేదు కదా అంటే "అందరూ తీసుకుంటారు మేడం, మంచిది" అన్నాడు ఆ అబ్బాయి. లోపల డాక్టరమ్మ గోడ వైపు జరిపిన సీసా, పది అడుగుల దూరంలో ఆమె చీటీ మీదే అమ్ముతున్నారు. తిరిగిచ్చేసి, లోపలికి పోయి ఆమెకు చెప్పా. ఆమె ఏమీ మాట్లాడలేదు, బెల్లు కొట్టి ఆ అబ్బాయిని పిలిపించింది. తర్వాత ఏమైందో తెలియదు గానీ, పోయిన నెల మా కొలీగ్ పోతే బిల్లులో సీసా రాలేదట.

పోవాలనుకునేవాళ్లకు: టోకెను ఎనిమిదిన్నరకే ఇస్తారు, తొమ్మిదికి పోతే పదిలోపల నంబరు దొరుకుతుంది. ఆదివారం ఉండదు. రెండు రోజుల ముందు నుంచి లోపల ఏ మందూ పెట్టుకోకుండా, కడక్కుండా పోండి, లేకపోతే స్లైడు సరిగ్గా రాదు. రిసెప్షన్లో ఆ పిల్ల ఏం ప్రాబ్లం అని అరిస్తే, డాక్టరుతోనే చెప్తానమ్మా అనండి. నేను రెండోసారి అట్లాగే అన్నా. ఆమె ఒక క్షణం నా ముఖం చూసి, పుస్తకంలో 'జనరల్' అని రాసుకుంది.